ఆధార్ ఫొటో తప్ప ఇంకో ఫొటో లేని పెద్దల కోసం

 

ఫొటోలు మంచిగ రావాలంటే ఏ ఫోన్ కొనాలె, ఏ కెమెరా కొనాలె అని మన గ్రూపులో మళ్లీ మళ్లీ అడుగుతున్నరు. హాస్టల్లో ఒకే రూంలో ఉండే మేము ముగ్గురం రెండేళ్ల సంది దీని మీద పడి ఉన్నం. మా ముగ్గురి ఇండ్లల్ల మాకంటే ముందు కాలేజీకి పోయినోళ్లు ఎవ్వరు లేరు, కెమెరా పట్టినోళ్లు అసలే లేరు. అందుకని మేము చేసి చూసినవే రాస్తున్నం. పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకొని చదవండి.

ముందు ఇదంతా ఎందుకో చెప్తం. మా గూడెంల పెద్దోళ్లు ఎవరన్న పోతే ఫొటో కోసం ఇల్లంతా వెతుకుతరు. దొరికేది ఆధార్ కార్డు. పోయిన ఎండకాలం మాలో ఒకరి నాయనమ్మ పోయింది. ఆ కార్డే టౌన్ల స్టూడియోకు తీస్కపోతే పెద్దగ చేసి, ఫ్రేము కట్టి ఇచ్చిండ్రు. అడగకుండనే ముఖం తెల్లగ చేసిండ్రు. నుదుటి మీది పచ్చబొట్లను మరకలు అనుకున్నరేమో, అవి కూడా తుడిచేసిండ్రు. గోడకు తగిలించినంక ఇంట్ల చిన్నపిల్ల చూసి "ఈమె ఎవరు?" అని అడిగింది. ఎవ్వరు జవాబు చెప్పలే.

అందుకే మాకు మంచి ఫొటో అంటే మనిషి రంగు, ముడతలు, పచ్చబొట్లు ఉన్నవి ఉన్నట్టు వచ్చేది. దానికి లక్ష రూపాయల కెమెరా అవసరం లేదు. కానీ ఫోన్ దాని ఇష్టానికి అది తీస్తే మాత్రం రాదు.

ఎందుకు రాదంటే, కెమెరాకు ముందు ఉన్నది మనిషా, గోడనా, బర్రెనా అని చూసి వెలుగు కొలవడం మొదటి నుంచి తెలియదు. ఎదురుగ ఉన్నదంతా కలిపితే నడిమి రకం బూడిదరంగు అయితదని అది లెక్క పెట్టుకుంటది. కొత్త ఫోన్లు ముఖాన్ని గుర్తుపడుతున్నయి గాని, అసలు లెక్క అదే. నల్లటి మనిషిని సున్నం వేసిన గోడ ముందు నిలబెట్టి చూడండి. తెలుపు ఎక్కువున్నదని కెమెరా వెలుగు తగ్గిస్తది, గోడ బూడిదరంగుల, ముఖం బొగ్గు లెక్క వస్తది. అదే మనిషిని చీకటి ఇంట్ల కూసోబెడితే నలుపు ఎక్కువున్నదని వెలుగు పెంచుతది, ముఖం పాలిపోయి పిండి రాసినట్టు అయితది. రెండూ ఆ మనిషి రంగు కాదు.

దీనికి మందు చాలా ఫోన్లల్ల ఉన్నది. స్క్రీన్ మీద ముఖం ఉన్న కాడ వేలు పెట్టి కొంచెంసేపు ఒత్తి పట్టండి. ఫోకసు, వెలుగు లాక్ అయితయి. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తది, దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతది, కిందికి జరిపితే తగ్గుతది. తెల్ల గోడ, ఆకాశం వెనుక ఉంటే పైకి. చీకటి వెనుక ఉంటే కిందికి. పెద్ద కెమెరాల ఇదే పని ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ చేస్తది. మేమైతే తెల్ల గోడకు ప్లస్ 1, చీకటి ఇంటికి మైనస్ 0.7 కాడ మొదలుపెట్టి, అక్కడి నుంచి చూసుకుంట పోతం.

ఈ తిప్పలు మనకే కాదు. రంగుల ఫిల్ము కాలంల కొడాక్ కంపెనీ ఫొటోల రంగు సరిచూసుకునేందుకు ల్యాబులకు ఒక తెల్ల అమ్మాయి ఫొటో పంపేది. దాన్ని షిర్లీ కార్డు అనేటోళ్లు. ఆమె చర్మం మంచిగ వస్తే అంతా మంచిగ వచ్చినట్టే లెక్క. నల్లోళ్ల ముఖాలు సరిగ్గ వస్తలేవని ఎంత చెప్పినా కదలని కంపెనీ, చెక్క సామాన్ల వ్యాపారులు, చాక్లెట్ వ్యాపారులు మా సరుకు రంగు సరిగ్గ వస్తలేదని గొడవ చేసినంక ఫిల్మును మార్చింది. మనుషుల కంటే చాక్లెట్ మాట చెల్లింది చూడండి. ఇక ఫోన్ల సంగతికొస్తే, 2021ల గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్ల నల్లటి చర్మాలు ఉన్నట్టు రావాలని రియల్ టోన్ అని ఒకటి పెట్టింది. మన చేతుల్ల ఉన్న తక్కువ ధర ఫోన్లల్ల మాత్రం బ్యూటీ మోడ్ ముందే ఆన్ చేసి ఉండే అవకాశమే ఎక్కువ. ఫోన్ చేతికొస్తే మేము ఫస్టు చేసే పని దాన్ని సున్నాకు దించడం. పచ్చబొట్లను తుడిచేది అదే, స్టూడియో దాకా పోవాల్సిన పని లేదు.

వెలుగు గురించి కొంచెం ఎక్కువ చెప్తం, ఎందుకంటే సగం ఫొటో అక్కడనే ఉన్నది. మన తాతలు తలకు రుమాలు చుడతరు. మిట్టమధ్యాహ్నం ఎండల నిలబెడితే రుమాలు నీడ, కనుబొమ్మల నీడ కండ్ల మీద పడి రెండు గుంటలు కనిపిస్తయి. ఇప్పచెట్టు కింద నిలబెడితే ఆకుల సందుల నుంచి ఎండ చుక్కలు చుక్కలుగ పడతది, పైగ ముఖం మీదికి పచ్చ రంగు దిగుతది. నీడ అయిపోయే అంచుకు రమ్మనండి, ముఖం బయటి ఆకాశం దిక్కు తిప్పమనండి. ఇది కూడా కాదంటే మాకు ఎప్పుడూ మోసం చేయని జాగా ఒకటి ఉన్నది, ఇంటి గడప. మనిషి గడప లోపలి దిక్కు కూసుండాలె, ముఖం వాకిలి దిక్కు ఉండాలె. మనం బయట ఒక పక్కకు, వెలుగుకు అడ్డం రాకుండ ఉండాలె. మన ఇండ్ల చూరు కిందికి ఉంటది గదా, ఎండ నేరుగ పడదు, మెత్తటి వెలుగు ఒక పక్క నుంచి వస్తది. వెనుక ఇల్లు చీకటి. ముడతలన్నీ కనిపిస్తయి, కండ్లల్ల వాకిలి మెరుస్తది. స్టూడియోలో గొడుగు లైట్లు పెట్టి చేసేది ఇదే పని. ఫ్లాష్ మాత్రం వేయొద్దు.

ఇంకొకటి దూరం. ముఖం పెద్దగ రావాలని ఫోన్ మూతి కాడికి తీస్కపోతే ముక్కు పెద్దగ, చెవులు చిన్నగ వస్తయి. అది మనిషి లోపం కాదు, దగ్గరి నుంచి చూస్తే అట్లనే ఉంటది. ఐదారు అడుగులు వెనుకకు జరగండి, తర్వాత కట్ చేసుకోండి. ఫోన్ల నిజంగ రెండో జూమ్ లెన్సు ఉంటే అది వాడండి. వేళ్లతో సాగదీసే జూమ్ మాత్రం ఉత్త కట్ చేసుడే. మా సీనియర్ అన్న ఒకాయన దగ్గర పాత కెనాన్ కెమెరా, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఉన్నది. ఆ చిన్న సెన్సరు మీద అది 80 ఎంఎం లెక్క పనిచేస్తది, ముఖాలకు మస్తుంటది. ఎవరన్న నిజంగనే కెమెరా కొనాలనుకుంటే మా మాట ఇది: పాత బాడీ తీస్కోండి, మిగిలిన పైసలు ఇసొంటి ఒక్క లెన్సు మీద పెట్టండి. కొనలేకపోతే పాత కాటన్ గుడ్డతో ఫోన్ లెన్సు తుడిచి తీయండి. హాస్టల్ మెస్సు నూనె ఎంత మంది ఫొటోలను మసక చేసిందో! ట్రైపాడ్ బదులు చిన్న సంచిల రెండు కిలోల జొన్నలు పోసి దాని మీద ఫోన్ పెడితే కదలదు, టైమర్ 2 సెకండ్లు పెడితే చాలు.

ఇక దండారి. దీపావళి వస్తుందంటే అందరం గుస్సాడి ఫొటోల కోసమే చూస్తం. పగలు ఎండల ఆడుతుంటే ప్రో మోడ్‌ల షట్టర్ 1/500 లేదా అంతకంటే వేగంగ పెట్టండి, ఐఎస్ఓ వీలైనంత తక్కువ ఉంచండి. రాత్రి బల్బుల కింద 1/100 కంటే వేగం పెంచితే కొన్నిసార్లు ఫొటో మీద అడ్డం పట్టీలు వస్తయి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతది, అందుకే. 1/100 కాడనే ఉండి ఐఎస్ఓ 1600 దాకా పెంచండి. కొంచెం గరుకుగ వస్తది, రానీయండి. తుడుం దెబ్బకు ఎగిరినోడు పైన ఒక్క క్షణం ఆగినట్టు ఉంటడు, అప్పుడు నొక్కితే ఆ తక్కువ వేగంల కూడా ముఖం నిలబడుతది. దెబ్బ ఎప్పుడు పడుతదో బయటి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్‌కు తెలియదు, మనకు తెలుసు.

కండ్లు పైనుంచి మూడో వంతు గీత మీద ఉండాలని యూట్యూబుల చెప్తరు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న మనిషికి ఆ లెక్క కుదరదు, టోపీ తెగిపోతది. టోపీ మొత్తం రావాలంటే ముఖం ఫొటో నడిమికి వస్తది, రానీయండి. మర్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చినప్పటి ఫొటోలు మళ్లీ చూడండి. 2024ల ఆయన పోయినంక ఆ ఫొటోలే మనకు మిగిలినయి. ఇంకో మాట, గుస్సాడి దీక్షల ఉన్నోళ్లను ఇటు తిరుగు, అటు తిరుగు అనొద్దు. ఊరి పటేల్‌ను, ఆ పెద్దలను ముందే అడిగి పక్కన ఉండి తీయండి. టూరిస్టుల లెక్క మనం కూడా ముందల నిలబడితే ఎట్ల?

ఆ మర్లవాయి కాడనే 1940లల్ల హైమన్‌డార్ఫ్ దొర ఉండి మన రాజ్‌గోండుల ఫొటోలు తీసిండు. అవి ఇప్పుడు లండన్‌ల సోయాస్ కాలేజీ దగ్గర ఉన్నయి. మేము ఆ బొమ్మలు ఫోన్ల పెద్దగ చేసి చూస్తుంటే ఒక తాత వచ్చి చూసి "ఈయన ఎవరింటోడో?" అన్నడు. మాకేం తెలుసు? ముఖం అంత మంచిగ వచ్చింది గాని, అడుగుదామంటే ఆ కాలంవాళ్లు లేరు.

అందుకని ఈసారి దండారికి ఇంటికి పోయినప్పుడు మేము ఒక పని పెట్టుకున్నం. గూడెంల అరవై దాటినోళ్లందరినీ గడప కాడ కూసోబెట్టి తలా ఒక ఫొటో తీస్తం. ఇష్టం లేదన్నోళ్లను ఒత్తిడి చేయం. కాగితం మీద పేరు, ఇంటిపేరు, ఎన్ని సగ, ఊరు, తారీఖు రాసుకుంటం. ఫొటో ప్రింట్ వెనుక అదే రాసి వాళ్ల చేతికే ఇస్తం. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో ఏ4 సైజుకు సరిపోతది, దానికి కావాల్సింది దాదాపు 9 మెగాపిక్సెళ్లే. వాట్సాప్‌ల మామూలుగ పంపితే మాత్రం పొడుగు పక్క దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకపోతది, అది చిన్న ప్రింటుకే పనికొస్తది. డాక్యుమెంట్ లెక్క పంపండి.

మీ గూడెంల కూడా ఎవరన్న ఇది చేస్తమంటే కింద ఊరి పేరు రాయండి. ఫోన్ లేనోళ్లకు మా రూంల ఒకటి ఖాళీగ ఉంటది, ఆదివారాలు ఇయ్యగలం. చార్జర్ మీరే తెచ్చుకోండి, మాది ఒక్కటే ఉన్నది.