28 అక్షరాలు, ఒక అరసున్న



మేం పటాన్‌చెరు దగ్గర హాస్టల్లో ఒకే రూంలో ఉండే నలుగురం. ముగ్గురం లంబాడీలం, నారాయణఖేడ్ వైపు తండాల నుంచి వచ్చినం. ఇంకొకడు గోండు, ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ వైపు వాడు. నలుగురి ఇండ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పోయిన వానకాలం రెండు రోజులు ముసురు పడితే రూంలోనే కూర్చొని 'బాహుబలి' మళ్లీ చూసినం. అందులో కాలకేయులు మాట్లాడే కిలికి భాషను తమిళ రచయిత మదన్ కార్కి తయారుచేశారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. నాలుకతో టక్కుమని కొట్టే శబ్దాలు కూడా పెట్టారు. మనం కూడా ఒకటి చేద్దాం రా అనుకున్నం. వార్డెన్ సార్‌కు, పక్క రూమోళ్లకు అర్థం కావద్దు, అంతే.

అక్షరం అక్షరానికి ముందు 'క' చేర్చే చిన్నప్పటి క-భాష అందరికీ తెలుసు, పనికిరాదు. అందుకే ముందు శబ్దాలు ఏరుకున్నం, తర్వాత గుర్తులు గీసినం. ఒక శబ్దానికి ఒకటే గుర్తు అని రూల్ పెట్టుకున్నం. తొందరగా రాస్తే రెండు గుర్తులు ఒకే తీరుగ కనబడేవి, మళ్లీ మార్చినం. రెండు వారాలకు 28 అక్షరాలు తయారైనయ్. మస్తు ఖుషీ అయినం.

అప్పుడు గోండు దోస్తు మెల్లగా అన్నడు: "మాకు ఇదివరకే ఉంది రా లిపి."

వాళ్ల నార్నూర్ మండలంలోనే గుంజాల ఉంది. అక్కడ దొరికిన పాత రాతప్రతుల్లోని లిపిని ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం బయటి లోకానికి తెలిపింది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. అంతకన్నా ముందు, 1918లో, మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసరాం గోండీకి ఇంకో లిపి తయారుచేశారు. అది 2017లో చేరింది. దోస్తు ఫోన్‌లో గుంజాల అక్షరాలు చూపించిండు. వరస య, వ, బ, భ, మ అని మొదలవుతది. క, ఖ, గ, ఘ తప్ప వేరే వరస ఉంటదని మాకు అప్పటిదాకా తెలియదు.

"చదువు మరి" అన్నం.

"నాకు రాదు" అన్నడు. ఆ మాటకు రూంలో ఎవ్వరం ఏం అనలేదు.

ఆ రాత్రే మాలో ఒకనికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పటిలాగే మెట్ల కిందికి పోయి, చేయి అడ్డం పెట్టుకొని, యాడితో లంబాడీలో మాట్లాడి వచ్చిండు. మేమందరం అట్లనే చేస్తం. ఎవరైనా వింటే నవ్వుతరని. ఇతరులకు అర్థం కాని భాష కోసం రెండు వారాలు కష్టపడినం. అట్లాంటిది మా నోట్లోనే ఉంటే దాన్ని మెట్ల కింద దాచినం.

2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైనే. కానీ ఆ లెక్కను హిందీ కింద కలిపి చూపిస్తరు. లెక్క సంగతి అట్లుంచితే, మేం మాత్రం ఏం రాసిపెట్టినం? మాలో ఒకని నానమ్మ పెండ్లిలో ఢావలో ఎత్తుకుంటే తండా అంతా ఏడ్చేది. ఆమె పోయిన సంక్రాంతికి చనిపోయింది. ఆమె పాట ఒక్కటి కూడా మా దగ్గర లేదు. రికార్డింగ్ లేదు, కాగితం లేదు.

ఆ 28 అక్షరాల నోటుబుక్కులోనే వెనక పేజీ తిప్పి, తెలుగు లిపిలో లంబాడీ మాటలు రాయడం మొదలుపెట్టినం. 'ఏమిటి' అనే మాటను 'కాంయి' అని రాస్తే గోండు దోస్తు 'కామ్‌యి' అని చదివిండు. మా మాటలో ఆ అచ్చు ముక్కులోంచి వస్తది. దానికి కొత్త గుర్తు గీయబోయినం. తర్వాత యాదికొచ్చింది, తెలుగులో ఇప్పుడు పెద్దగా వాడని అరసున్న ఉంది కదా! కాఁయి. ఫోన్ కీబోర్డులో వెతికితే దొరికింది కూడా.

గోండు దోస్తు గుంజాల అక్షరాలు రోజుకు రెండు చొప్పున నేర్చుకుంటున్నడు. మొన్న మేం రాసిన పేజీని తండాకు పంపితే, ఆరో తరగతి చెల్లె యాడికి చదివి వినిపించింది. "గిది మన మాటనే కదా, బడి పుస్తకంల ఉందా?" అని అడిగిందట యాడి.

లేదు యాడీ. ఇప్పటికి మా నోటుబుక్కులోనే ఉంది, 61 మాటలు.

మీ తండాలో, గూడెంలో పాటలు తెలిసిన నానమ్మలు, తాతలు ఉంటే ఈ పండక్కి పోయినప్పుడు ఒక్క పాటైనా రాసుకోండి. ఏ లిపిలోనైనా సరే.