మైనస్ గుర్తు

మా కోడలు డ్రైవర్లు రాస్తుందంటే చిక్కడపల్లి మిత్రులు ఇప్పటికీ నాకేసి అదోలా చూస్తారు. ఈ డ్రైవరుకు కారూ లేదు, ఖాకీ చొక్కా లేదు. కంప్యూటరుకూ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య నిలబడి ఒకరి మాట మరొకరికి చెప్పే దుబాసీ అన్నమాట. అమ్మాయి రాసేది ఆసుపత్రిలో మంచం పక్కన రోగి నాడి, జ్వరం చూపించే పెట్టెకు.

రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చడానికి కంపైలరని ఒకటుంది. తప్పు కనిపిస్తే అది పని ఆపేస్తుంది. అనుమానం మాత్రమే అయితే, "చూసుకోండి సుమా" అని హెచ్చరించి పని కానిచ్చేస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఆడిట్ అభ్యంతరాలతో కాపరం చేసినవాణ్ణి గనక నాకీ వ్యవహారం ఇట్టే బోధపడింది. అభ్యంతరానికి జవాబు వెతికేవారుంటారు. ఫైలును అడుగుకు తోసేవారూ ఉంటారు.

ఆ మధ్య ఎవరో రాసి వదిలేసిన డ్రైవరును శుభ్రం చెయ్యమని అమ్మాయికి అప్పగించారు. శుక్రవారం గడువు. హెచ్చరికలేమో నలభై పైచిలుకు. అందులో ఒకటి: "ఈ సంఖ్య సున్నాకు తగ్గడమంటూ ఉండదు, ఈ పరీక్ష వృథా."

"వృథా అయితే ఆ పంక్తి కొట్టెయ్యమ్మా" అన్నాడట పై అధికారి. కొట్టేస్తే హెచ్చరిక పోతుంది, నిజమే.

అమ్మాయి కొట్టెయ్యలేదు. కాగితం మీద వేసి నాకు చూపించింది. పరికరం పలకకపోతే మైనస్ సంఖ్య వస్తుంది. ఏదో చెడిందని అదే కబురు. తీరా దాన్ని దాచిన గడిలో మైనస్‌కు చోటు లేదు! 32 బిట్ల అటువంటి గడిలో మైనస్ ఒకటి వేస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 అయి కూర్చుంటుంది. రూపాయి అప్పు జమలో పడి కోట్లయిందంటే ఏ గుమాస్తాకు గుండె ఆగదు?

"తీగ ఊడిపోయినా పెట్టెకు తెలియదు, మామయ్యగారూ" అంది.

మైనస్ పట్టే గడి పెట్టింది. ఒక్క మాట మార్పు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోసే సివిల్స్ ప్రిలిమ్స్ చదివే మా అశోక్‌నగర్ కుర్రాళ్ళకు మైనస్ విలువ వేరే చెప్పాలా?

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021 సెప్టెంబరులో హెచ్చరికలన్నిటినీ తప్పులుగానే లెక్కగట్టే ఏర్పాటు చేశాడు. చాలాచోట్ల పనులు ఆగి గగ్గోలు పుట్టింది. కొద్ది రోజులకే సడలించాడు. ఇది నారాయణగూడలోని స్నేహితుడికి చెబితే, "బెత్తానికి జడిసి నోరు నొక్కేవాళ్ళే ఎక్కువవుతారోయ్" అన్నాడు. బెత్తం ఉన్నా లేకపోయినా, ప్రతి హెచ్చరికనూ కూర్చుని చదివేవారొకరు ఉండాలి గదా!

అలా చదివేసరికి సోమవారమయింది. పై అధికారి ముఖం ముడుచుకున్నాడట. రేపు ఆ మంచం మీద పడుకునే రోగికి మా కోడలి పేరు తెలియనక్కరలేదు. తీగ ఊడినప్పుడు పెట్టె కూత పెడితే చాలు.