చౌరస్తా మూల

2024 నవంబర్ 4, సోమవారం

మొదటి కార్తీక సోమవారం. తెల్లారకముందే శివాలయానికి బయల్దేరిన ఆడవాళ్లు మా చౌరస్తాలో గుంపుగా నిలబడిపోయారు. ఎర్రలైటు పడింది, ఎదుటి బండ్లు ఆగాయి. అయినా దాటలేకపోయారు. ఎడమకు తిరిగేవాళ్లకు అక్కడ ఫ్రీ లెఫ్ట్, ఆగాల్సిన పనే లేదు. చివరికి ఒకావిడ పూజ సంచి భుజానికి తగిలించుకుని, చేయి అడ్డంగా చాపి ఆటోనూ కార్లనూ ఆపింది. 'దాటండమ్మా, దాటండి' అంటూ అందరినీ పంపి తాను చివర వెళ్లింది. సిగ్నల్ చేయాల్సిన పని ఆమె చేసింది.

నవంబర్ 9, శనివారం

సాయంత్రం బండ్లు ఎడమకు తిరిగే ఆ మూల దగ్గరే నిలబడి చూశాను. ఫుట్‌పాత్ అంచును లోపలికి కోసేసి వంపును బాగా పెద్దది చేశారు. బ్రేకు మీద కాలు పెట్టకుండానే తిరిగిపోవచ్చు. తిరిగేవాడి చూపంతా కుడివైపు నుంచి వచ్చే బండ్ల మీద ఉంటుంది, మనిషి రోడ్డు మీదికి దిగేది ఎడమ పక్కన. వేగం గంటకు 30 కిలోమీటర్ల నుంచి 60కి పెరిగితే దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది.

సిగ్నల్ లెక్కల్లో మనిషి నడకను సాధారణంగా సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. పూలమ్మే పెద్దమ్మ నెత్తిన గంపతో అంత వేగంగా ఎలా నడుస్తుంది? అడిగితే, "పచ్చబొమ్మ పడంగనే దిగుత బిడ్డా, నడుమకు రాంగనే బండ్లు మీదికొస్తయ్" అంది. ఆ నడుమ డివైడర్‌లో మనిషి నిలబడేంత చోటైనా లేదు.

నవంబర్ 17, ఆదివారం

ట్రాఫిక్ ఎస్సై గారు ఒక్క ఉదయం పూటకు ఒప్పుకున్నారు. కాలనీవాళ్లం కలిసి ఆ మూలను ముగ్గుపిండితో కొత్తగా గీశాం, వంపు చిన్నదయ్యేలా. గీత వెంబడి ఇసుక బస్తాలు, ఖాళీ డ్రమ్ములు పెట్టాం. సిటీ బస్సు తిరగలేదేమోనని అందరికీ బెంగ. మొదటి బస్సు డ్రైవరు నిదానించి, కొంచెం వెడల్పుగా తీసుకుని సునాయాసంగా తిప్పేశాడు. కార్లు నడక వేగానికి వచ్చాయి. నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ తగ్గింది.

ఎండెక్కాక వంగి చూస్తే, మేం ఫుట్‌పాత్ వైపు కలుపుకున్న జాగాలో ముగ్గు చాలాచోట్ల చెదరలేదు. టైరు గుర్తులు గీత అవతలే ఉన్నాయి. అంటే ఆ జాగా బండ్లకు అక్కర్లేదు. ఇన్నేళ్లూ దాన్ని వాటికే వదిలేశాం.

మధ్యాహ్నం డ్రమ్ములు తీసేశాం. తీసిన మరుక్షణం నుంచి పాత వేగమే.

నవంబర్ 24, ఆదివారం

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రాత్రి డ్యూటీకి సైకిల్ మీద వస్తాడు. చౌరస్తా రాగానే దిగి నడిపించుకుంటూ దాటుతాడు. "నేరుగా పోతుంటే ఎడమకు తిరిగే బండి అడ్డంగ కోస్తది సార్" అన్నాడు. నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఈ ప్రమాదానికే మందు కనిపెట్టారు. మూలన చిన్న దిమ్మె కడతారు. సైకిల్ దాని లోపలి పక్క నుంచి వెళుతుంది, కారు దాని చుట్టూ తిరిగి వచ్చేసరికి సైకిల్ మనిషి డ్రైవరు కళ్లెదుటే ఉంటాడు. అక్కడా రోడ్లు మొదటినుంచీ ఇలా లేవు. 1971లో ఆ దేశపు రోడ్ల మీద 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడారు. రోడ్లు మారాయి.

డిసెంబర్ 1, ఆదివారం

ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే సరిపోతుందని కాలనీ మీటింగులో ఒకాయన అన్నారు. బస్సులు, లారీలు కింద నుంచి పోవాలంటే దాన్ని ఐదున్నర మీటర్ల పైన కట్టాలి, దాదాపు నలభై మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కరు, సైకిల్ అసలే ఎక్కదు. నేను ఒప్పుకోలేదు. నేల మీద నడిచే మనిషికి దారి నేల మీదే ఉండాలి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని, వారిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రోడ్డు రవాణా శాఖే లెక్క చెప్పింది. కాలనీ తరఫున పెట్టే అర్జీలో ఆ అంకెలు రాశాం, ముగ్గు గీత ఫొటోలు జతచేశాం. అడిగినవి నాలుగే: ఫ్రీ లెఫ్ట్ తీసేయండి, మూల వంపు తగ్గించండి, డివైడర్‌లో నిలబడే చోటివ్వండి, ముసలివాళ్ల నడకను బట్టి పచ్చలైటు సమయం పెంచండి. వీటికి భూసేకరణ అక్కర్లేదు, ఒక్క ఇల్లు కూల్చక్కర్లేదు. వచ్చే కార్తీకానికల్లా చేసి పెట్టండి.