పాట ముందు, మాట వెనక

సెలీనా అనే పేరు మన ఇళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. మెక్సికో నుంచి వచ్చి అమెరికాలోని టెక్సస్‌లో తరాలుగా స్థిరపడిన జనంలో 1971లో పుట్టిన గాయని. 'తెహానో' అని వాళ్లు పిలుచుకునే సంగీతానికి మకుటంలేని మహారాణి. 1995 మార్చి 31న, 24 ఏళ్లు నిండకుండానే, తన అభిమాన సంఘాన్నీ దుకాణాలనూ నమ్మి అప్పగించిన మనిషి చేతిలోనే తుపాకి గుండుకు బలైపోయింది. గొడవ డబ్బు లెక్కల దగ్గర మొదలైందని కుటుంబం చెప్పింది. బ్యాంకు ఉద్యోగిని కనుక ఆ సంగతి నన్ను ఇంకాస్త కలచివేస్తుంది. బతికుంటే ఆమెది ఇప్పుడు దాదాపు నా ఈడే.

1997 మార్చిలో ఆమె జీవితకథ సినిమాగా వచ్చింది. దర్శకుడు గ్రెగరీ నావా. తెరమీద సెలీనాగా నటించింది జెన్నిఫర్ లోపెజ్. పాటలకు గొంతు మాత్రం సెలీనాదే. ప్లేబ్యాక్ మనకు కొత్త కాదు. నటి ఒకరూ గొంతు ఇంకొకరిదీ అయితే మనం ఆశ్చర్యపోము. కాని ఇక్కడ కథ ఎవరిదో గొంతూ వారిదే, ఆ మనిషి మాత్రం లేదు.

సినిమా పాటల ఆల్బమ్ కూడా ఆ నెలలోనే విడుదలైంది. ఈమధ్య దాన్ని తీరిగ్గా విన్నాను. 1995 ఫిబ్రవరి 26న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో, 60 వేలకు పైగా జనం ముందు ఆమె పాడిన పాత డిస్కో పాటల మాలిక అందులో ఉంది. ఎంత హుషారు! ఆ రోజుకు ఆమెకు మిగిలినవి 33 రోజులే అని తెలిసి వినేవాళ్లం మనం. పాడే మనిషికి తెలియదు.

ఒక్క వెలితి. ఆల్బమ్‌లో ఇంగ్లీషు పాటలదే పైచేయి. ఆమెకు పేరు తెచ్చినవి స్పానిష్ పాటలు. ఇంకొన్నింటికి చోటిచ్చి ఉండవలసింది.

అయితే ఆ స్పానిష్ కూడా ఆమెకు ఇంట్లో మాట్లాడే భాషగా రాలేదు. ఇంగ్లీషులోనే పెరిగింది. తండ్రి పాటలోని పదాలను పలుకు పలుకుగా నేర్పి పాడించాడు. ముందు పాట వచ్చింది, తరువాత అర్థం, మాట్లాడడం ఎప్పటికో. మెక్సికోలో విలేఖరుల ముందు తడబడుతూనే, నవ్వుతూనే మాట్లాడింది. వాళ్లు తప్పులు లెక్కపెట్టకుండా అక్కున చేర్చుకున్నారు.

సినిమాలో ఆ తండ్రి బండి నడుపుతూ పిల్లలతో మొరపెట్టుకుంటాడు: మెక్సికోవాళ్ల ముందు వాళ్లను మించిన మెక్సికోవాళ్లం కావాలి, అమెరికావాళ్ల ముందు వాళ్లను మించిన అమెరికావాళ్లం కావాలి, ప్రాణం విసిగిపోతోందని. మన సంగతి మాత్రం వేరా? కోయంబత్తూరులో మేము తెలుగువాళ్లం. బెజవాడలో పెళ్లికి వెళితే "అరవవాళ్లు వచ్చారు" అంటారు.

మా పిల్లలు ఉగాదికి పాడే పాటలు తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. ఆ లిపిలో 'గాలి', 'కాలి' రెండూ ఒకే తీరు. మా అత్తయ్యగారు పక్కన కూర్చుని ఒక్కో పలుకూ సరిదిద్దుతారు. తెలుగు చదవడం రానివాళ్లను వేదిక ఎక్కించవద్దని కొందరు పెద్దలు అంటున్నారు. లిపి నేర్పాలన్నది నిజమే. కాని అందాకా నోరు మూయిస్తే ఆ పిల్లలకు తెలుగుతో ఉన్న ఆ కాస్త పేగుబంధమూ తెగుతుంది. సెలీనా తండ్రి కూడా ముందు భాష, తరువాతే పాట అని పట్టుబట్టి ఉంటే?

పోయిన ఉగాదికి పాడిన మా తమ్ముడి కూతురు మొన్న ఫోన్ చేసింది. "పెదనాన్నా, ఆ పాటలో ఏటి ఒడ్డు అని వచ్చింది కదా, అంటే ఏమిటి?" అని అడిగింది.

"ఆత్తంగరై" అన్నాను.

"ఓ, అదా!" అని, ఫోన్‌లోనే ఆ చరణం మళ్లీ అందుకుంది.