బీరువాలో పసుపు మొలకలు

సోమవారం సైన్స్ ప్రాజెక్ట్ ఇవ్వాలంటే ఆదివారం మీ ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఇంట్లోనూ అంతే.

ఏడో తరగతి చదివే మా అమ్మాయి రెండు డబ్బాల్లో తడి దూది పరిచి పెసలు వేసింది. ఒకటి కిటికీ దగ్గర, రెండోది బట్టల బీరువాలో. ఐదో రోజు బీరువా తెరిస్తే నాకు కంగారు పుట్టింది. కాడలు తెల్లగా, సన్నగా, కిటికీ దగ్గరవాటికి రెట్టింపు పొడవు. మెడలు వంగిపోయి ఉన్నాయి. ఆకులు పాలిపోయిన పసుపు.

"పాడైపోయాయమ్మా, పారేద్దాం" అన్నాను.

"పాడవలేదు నాన్నా, వెలుతురు కోసం ఆగాయంతే" అంది.

ఆ మాట నిజమేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. చీకట్లో కూడా మొలక పత్రహరితం తయారీని దాదాపు చివరిదాకా తెచ్చుకుంటుంది. ప్రోటోక్లోరోఫిల్లైడ్ అనే ముడిపదార్థం దగ్గర ఆగుతుంది. దాన్ని ముందుకు నడిపే ఎంజైమ్ వెలుతురు పడితేనే పనిచేస్తుంది. అందాకా మనకు కనిపించేది కెరోటినాయిడ్ల పసుపే, క్యారెట్‌కు రంగునిచ్చే కుటుంబమే అది. (పైన్ మొలకలు మాత్రం చీకట్లోనూ పచ్చబడతాయట. ప్రతి తరగతిలోనూ అలాంటివాళ్లు ఒకరుంటారు.)

నేను రోగమనుకున్న ఆ రూపం వెనక హార్మోన్లున్నాయి. మట్టిలోంచి త్వరగా బయటపడాలని జిబ్బరెల్లిన్ కాడను సాగదీస్తుంది. లేత ఆకులు మట్టికి రాసుకోకుండా ఎథిలీన్ మెడను వంచి ఉంచుతుంది. కాయల్ని పండించే వాయువూ అదే. ఎర్రటి వెలుతురును ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ పసిగట్టగానే సాగడం తగ్గుతుంది, మెడ లేస్తుంది, ఆకు విచ్చుకుంటుంది. పచ్చబడటాన్ని సైటోకైనిన్ వేగిరపరుస్తుంది. చీకట్లో మొలిచిన దోస బీజదళాలకు ముందుగా ఆ హార్మోన్ అందించి వెలుతురులో పెడితే, అందించనివాటికంటే ఎక్కువ పత్రహరితం తయారవుతుంది.

ఆదివారం పొద్దున డబ్బాను కిటికీ నీడలో పెట్టి, గంటగంటకూ ఫొటో తీయాలని అమ్మాయి అనుకుంది. తను స్నానానికి వెళ్లినప్పుడు, త్వరగా పచ్చబడతాయి కదా అని నేను డబ్బాను డాబా మీద ఎండలో పెట్టాను. అక్కడే మర్చిపోయాను. మధ్యాహ్నానికి దూది ఎండింది, సగం మొలకలు వాలిపోయాయి, కొన్ని ఆకులు తెల్లబోయాయి. నీళ్లు చాలకపోవడం ఒక కారణం. ఇంకోటి ఆ ముడిపదార్థమే. చీకట్లో పోగుపడినదాని మీద ఒక్కసారిగా తీక్షణమైన ఎండ పడితే, అది హానికరమైన ఆక్సిజన్‌ను పుట్టించి కణాలనే దెబ్బతీస్తుంది. నీడ పట్టున పెట్టి ఉంటే సాయంత్రానికల్లా లేత పచ్చదనం వచ్చేది.

అమ్మాయి ఏడవలేదు. చార్ట్‌లో 'పరిశీలనలు' అన్నచోట రాసింది: "నాన్న ఎండలో పెట్టారు. సగం చనిపోయాయి." తీసేయమని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

మర్నాడు సాయంత్రం వచ్చి మళ్లీ పెసలు నానబెట్టింది. బీరువా తాళంచెవి ఇప్పుడు తన దగ్గరే ఉంది.