చేయి అందే ఇంజన్

సియాటెల్ నుంచి అలాస్కాలోని కెచికాన్‌కు విమానంలో రెండు గంటలు. నీటి దారిలో సుమారు 650 నాటికల్ మైళ్ళు. మా పడవ గంటకు ఆరున్నర నాటికల్ మైళ్ళు నడుస్తుంది. సైకిలు మీద నింపాదిగా వెళ్ళే మనిషి కూడా దాన్ని దాటిపోగలడు. సియాటెల్‌లోని తెలుగు మిత్రులు అడుగుతుంటారు: ఇంత మెల్లగా పోయే పాత పడవ ఎందుకు, అదే డబ్బుకు వేగంగా పోయేది రాదా అని. వస్తుంది. కానీ అది ఒక్క టాంకు నూనెతో అంత దూరం పోదు. దారి మధ్యలో ఏదైనా చెడితే నా చేతులతో బాగుచేసుకోగలిగినదీ కాదు. నేను ఈ పడవను ప్రేమించడానికి ఈ రెండే కారణాలు. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

ముందు దూరం సంగతి. పడవ కదిలేటప్పుడు తన పొడవుకు తగ్గ అలను తానే లేపుతుంది. ఆ అలను దాటుకుని పోవాలంటే విపరీతమైన శక్తి కావాలి. అందుకే ఇలాంటి పడవలకు ఒక హద్దు ఉంది. నీటిని తాకే భాగం పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు తెలుస్తుంది. మా పడవకు ఆ పొడవు దాదాపు 31 అడుగులు. అంటే హద్దు గంటకు ఏడున్నర నాటికల్ మైళ్ళకు కాస్త తక్కువ. దానికి ఓ మైలు కింద నడిపితే ఇంజన్ గంటకు ఆరేడు లీటర్ల డీజిల్‌తో సరిపెట్టుకుంటుంది. హద్దు మీదికి తోస్తే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది, కలిసొచ్చేది గంటకు ఓ మైలు. టాంకుల్లో సుమారు 900 లీటర్లు పడుతుంది. అందులో ఐదో వంతు ముట్టుకోకుండా అట్టిపెట్టినా, మిగిలినదానితో కెచికాన్ చేరవచ్చు.

ఈ లెక్కను మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పినవాడు రాబర్ట్ బీబీ. అమెరికా నౌకాదళంలో కెప్టెన్‌గా పనిచేసి రిటైరైన ఆయన, 1963లో సింగపూర్‌లో ‘పాసేజ్‌మేకర్’ అనే 50 అడుగుల పడవ కట్టించుకుని, దానిలో గ్రీసు దాకా వెళ్ళారు. 1975లో వచ్చిన ఆయన పుస్తకం ‘వాయేజింగ్ అండర్ పవర్’ చదివాకే తెరచాప లేని చిన్న పడవతోనూ దూరాలు పోవచ్చని నాకు నమ్మకం కుదిరింది. ఆయన పడవ మహాసముద్రాలు దాటేది. నాది తీరం వెంట నడిచేది. సూత్రం మాత్రం ఒకటే: తొందర తగ్గితే దూరం పెరుగుతుంది.

మా పడవ గ్రాండ్ బ్యాంక్స్ 32. హాంకాంగ్‌లో మొదలై తర్వాత సింగపూర్‌కు తరలిన అమెరికన్ మెరీన్ కంపెనీ, కెనెత్ స్మిత్ గీసిన నమూనాలతో 1960లలో ఈ వరస పడవలు కట్టడం మొదలుపెట్టింది. చేపల పడవల పోలికలతో ఉంటాయి కనుక వీటిని ట్రాలర్లంటారు. వీటిలో వలలుండవు, వంటగదీ పడకలూ ఉంటాయి. మొదట్లో చెక్కతో కట్టేవారు, 1973లో ఫైబర్‌గ్లాస్‌కు మారారు. 32 అడుగుల నమూనాను 1990ల మధ్య దాకా కడుతూనే ఉన్నారు, మొత్తం ఎనిమిది వందలకు పైగా. మాది తొలి ఫైబర్‌గ్లాస్ పడవల్లో ఒకటి. అడుగున ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దృఢమైన వెన్ను, దాని వెనక దాగిన ఒకే ఒక పంకా (ప్రొపెల్లర్). సాల్మన్ చేపల కాలంలో ఈ నీళ్ళలో దుంగలూ తాళ్ళూ తేలుతుంటాయి. వాటికి మొదట తగిలేది ఆ వెన్నే.

హాలు నేలమీది తలుపులెత్తితే కింద ఇంజన్. ఫోర్డ్ కంపెనీ బ్రిటన్‌లో లారీలకూ వ్యవసాయ యంత్రాలకూ చేసిన ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను, న్యూజెర్సీలోని లేమన్ సంస్థ సముద్రానికి తగ్గట్టు మార్చింది. 6.2 లీటర్లు, 120 హార్స్‌పవర్. ఇందులో కంప్యూటర్ లేదు. ఒకసారి స్టార్టయ్యాక కరెంటు లేకపోయినా నడుస్తుంది. గాలి, డీజిల్, చల్లటి నీళ్ళు, శుభ్రమైన ఆయిలు, ఇవి అందితే చాలు. ఒకే ఇంజన్ కావడంతో రెండు పక్కలా మనిషి కూర్చునేంత చోటుంది. ప్రతి ఫిల్టరూ ప్రతి వాల్వూ చేతికి అందుతుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. అక్కడ ఏ ఒక్కరికీ పూర్తిగా అర్థంకాని వ్యవస్థల మీద మా జీవితం గడుస్తుంది. ఇక్కడ ఉన్నదంతా నాకు తెలుసు. ఆ తెలియడం నాకు ఎంతో విలువైనది.

ఈ చదువు నాకు కాకినాడలో మొదలైంది. జగన్నాథపురం వంతెన దగ్గర మా మావయ్యకు డీజిల్ మెకానిక్ షెడ్డుండేది. తూర్పు తీరంలో ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కేదీ, అడుగు గీకి రంగు వేసేదీ, ఇంజన్లు విప్పేదీ ఆ రోజుల్లోనే. వేసవి సెలవులకు వెళ్ళిన నాకు మావయ్య స్పానర్లు అందించే పని అప్పజెప్పేవాడు. పొగ చూడటం ఆయనే నేర్పాడు. నల్లగా వస్తే ఇంజన్ మీద బరువు ఎక్కువైంది, లేదా గాలి చాలడం లేదు. నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లగా వస్తే డీజిల్ కాలకుండానే బయటికొస్తోంది, లేదా నీళ్ళు చేరుతున్నాయి. మా పడవలో పొగ సముద్రపు నీటితో కలిసి వెనక నుంచి వస్తుంది కాబట్టి చలి పొద్దుల్లో ఆవిరి లేస్తుంది. అది క్షణంలో విచ్చిపోతే ఆవిరి, నీటిమీద వేలాడితే పొగ.

మావయ్యకు ఇప్పుడు పెద్దవయసు. వీడియో కాల్ చేసినప్పుడల్లా, “ఏరా, ఫోను ఇంజన్ దగ్గర పెట్టు” అంటాడు. ఓసారి కళ్ళు మూసుకుని విని, “టాపెట్లు కొట్టుకుంటున్నాయిరా. గ్యాప్ చూసుకో” అన్నాడు.

“ఈ వారమే చూస్తాను మావయ్యా” అన్నాను. గేజి పెట్టి చూస్తే ఆయన అన్నది నిజమే.

పొద్దున్నే స్టార్ట్ చేసేముందు నేను చేసే పని ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. ఆయిలు, కూలెంటు, గేర్‌బాక్స్ ఆయిలు, బెల్టు. సముద్రపు నీరు లోపలికొచ్చే జల్లెడలో నాచు చిక్కుకుందా. అడుగున చేరిన నీరు నిన్నటికంటే పెరిగిందా. తర్వాత పంకాను తిప్పే షాఫ్టు పడవ గోడను దాటి బయటికి వెళ్ళే చోటును టార్చి వేసి చూస్తాను. అక్కడ నూనె పట్టించిన నార కూరి ఉంటుంది. నడుస్తున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. ఆ చుక్కలే షాఫ్టును చల్లబరుస్తాయి. అందుకే పూర్తిగా ఎండబెట్టేలా బిగించకూడదు. ఇంజన్ స్టార్టవగానే వెనక్కి వెళ్ళి, పొగగొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయో లేదో చూస్తాను. పడకపోతే పంపులో రబ్బరు ఇంపెల్లర్ పోయినట్టు. అది చిన్న వస్తువే. ముక్కలైతే ఆ ముక్కలు హీట్ ఎక్స్ఛేంజర్‌లో అడ్డుపడతాయి. కాబట్టి చెడేదాకా ఆగకుండా ఏడాదికోసారి మార్చేస్తాను. ఈ ఇంజన్‌లో డీజిల్ పంపుకు విడిగా ఆయిలుంటుంది. అందులోకి డీజిల్ కొద్దికొద్దిగా దిగి పలచబరుస్తుంది కనుక 50 గంటలకోసారి దాన్ని మార్చాలి. మిగతా ఇంజన్ల అలవాటుతో వచ్చినవాళ్ళకు ఈ సంగతి తట్టదు.

డీజిల్ శుభ్రత గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పాత టాంకుల అడుగున ఏళ్ళ తరబడి మడ్డి పేరుకుంటుంది. నీరు చేరితే, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి. రేవులో ఉన్నంతకాలం అంతా బాగానే కనిపిస్తుంది. అలల్లోకి వెళ్ళి పడవ ఊగగానే మడ్డి కదిలి ఫిల్టర్లు పూడుకుపోతాయి. ఇంజన్ ఎక్కువగా ఆగేది గాలివానలోనే కావడానికి కారణం ఇదే. మేము రెండు ఫిల్టర్లు పక్కపక్కనే పెట్టించాం. ఒకటి నిండుతుంటే వాక్యూమ్ గేజి చెబుతుంది. మీట తిప్పితే రెండోది అందుకుంటుంది, ఇంజన్ ఆగదు. పడవ మీద పెట్టిన ఖర్చుల్లో అంత మనశ్శాంతినిచ్చింది మరొకటి లేదు.

ఇలాంటి పడవకు సముద్రం కన్నా వాన పెద్ద శత్రువు. చెక్కను ఉప్పునీరు కాపాడుతుంది, వాననీరు కుళ్ళబెడుతుంది. డెక్కు మీద టేకు పలకలను వందలాది మరలతో ఫైబర్‌గ్లాస్‌కు బిగించారు. ఒక్క మర తలమీది బిరడా ఊడినా నీరు లోపలికి దిగి కిందిపొరను మెత్తబరుస్తుంది. డెక్కు మీద డీజిల్ పోసే మూత చుట్టూ నిలిచిన నీరు కిందనున్న ఇనప టాంకును పైనుంచి తినేస్తుంది. సియాటెల్‌లో వానలు మొదలయ్యేలోగా బిరడాలు, కిటికీ అంచులు, రెయిలింగు కాళ్ళు అన్నీ తడిమి చూసి, అనుమానమున్నచోట మళ్ళీ సీలు వేస్తాం. టేకును సముద్రపు నీటితో, మెత్తటి బ్రష్షుతో, పలక నారకు అడ్డంగా మాత్రమే కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే కొన్నేళ్ళలో పలక పలచబడిపోతుంది.

రెండేళ్ళకోసారి పడవను పోర్ట్ టౌన్‌సెండ్‌లో ఒడ్డెక్కిస్తాం. చెక్కపడవల వడ్రంగులూ వెల్డర్లూ పంకాలు సరిచేసేవాళ్ళూ ఒకేచోట దొరికే ఊరది. యజమానులు తమ పని తాము చేసుకోవడానికి అక్కడ వీలుంది. అడుగున రాగి కలిసిన రంగు వేస్తాం, నాచూ గుల్లలూ పట్టకుండా. షాఫ్టుకూ చుక్కానికీ జింకు దిమ్మలు బిగిస్తాం. ఉప్పునీటిలో వేర్వేరు లోహాలు కలిసి ఉంటే ఒకటి కరిగిపోక తప్పదు. ఆ కరిగేది ఖరీదైన కంచు పంకా కాకుండా చవకైన జింకు అయ్యేలా చూడటమే దీని కిటుకు. సియాటెల్‌లో 1917లో తెరిచిన బల్లార్డ్ లాకుల గుండా లేక్ యూనియన్ మంచినీటిలోకి వెళ్ళే పడవలకు జింకు సరిగా పనిచేయదు. అక్కడే ఎక్కువకాలం ఉండే పడవలకు వేరే లోహం వాడాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, కెచికాన్ దారి అడిగేది ఇదే. వాంకూవర్ దీవికీ క్వాడ్రా దీవికీ మధ్య సెమూర్ నారోస్ అనే ఇరుకుంది. పోటుపాట్ల వేళల్లో అక్కడ నీరు గంటకు 15 నాటికల్ మైళ్ళ దాకా వేగంతో పరుగెడుతుంది. నడుమ నీటి కిందున్న రిపుల్ రాక్ అనే బండ వంద ఓడలకు పైగా ముంచో దెబ్బతీసో, వందమందికి పైగా ప్రాణాలు తీసింది. చివరికి 1958 ఏప్రిల్ 5న, కింద సొరంగం తవ్వి, 1200 టన్నులకు పైగా పేలుడు పదార్థం పెట్టి దాని తల ఎగరగొట్టారు. ఇప్పటికీ మా పడవ ఆ ప్రవాహానికి పోటీ కాదు. నీరు దిశ మార్చుకునే ఆ కొద్ది నిమిషాల్లోనే దాటాలి. మా ఇంట్లో పోటుపాట్ల లెక్కలు నా భార్యవి. కెనడా వాళ్ళ ప్రవాహ పట్టికలు ముందేసుకుని, ఎక్కడి నుంచి ఎన్నింటికి బయల్దేరాలో ఆవిడ చెబుతుంది. ఆ వేళకు ఇంజన్ సిద్ధంగా ఉంచడం నా బాధ్యత.

ఇంకా పైకి వెళితే క్వీన్ షార్లెట్ సౌండ్. అప్పటిదాకా దీవులు అడ్డుకున్న పసిఫిక్ అక్కడ తెరుచుకుంటుంది. పోర్ట్ హార్డీలో ఆగి, వెస్ట్ సీ ఆటర్ అనే సముద్రపు బోయా పంపే అలల ఎత్తునూ, దీపస్తంభాల నుంచి వచ్చే వాతావరణ సమాచారాన్నీ రేడియోలో వింటాం. నచ్చకపోతే మరుసటి రోజు దాకా ఆగుతాం. ఉత్తరాన ప్రిన్స్ రూపర్ట్ వైపు పోటుకూ పాటుకూ తేడా ఏడు మీటర్లదాకా ఉంటుంది. కాకినాడలో రెండు మీటర్లు కూడా ఉండదు. లంగరు వేసేటప్పుడు ఆ తేడా కూడా కలిపి గొలుసు వదలాలి.

రేవులు దూరదూరంగా ఉన్న ఆ దారిలో మన వంట మాకు బాగా కలిసొచ్చింది. మూత బిగిసే ప్రెషర్ కుక్కర్ పడవ ఊగినా ఒలకదు, గ్యాసు ఆదా అవుతుంది. కందిపొడి, ఆవకాయ ఫ్రిజ్ అడగవు. లైసెన్సు తీసుకుని డంజనెస్ పీతలు పట్టి ఇగురు పెట్టుకున్న సాయంత్రాల్లో పక్క పడవలవాళ్ళు వాసన పట్టి పలకరించారు. చాలామంది మా దగ్గర అన్నం తిన్నారు, తమ దగ్గరున్న స్పేర్ పార్టులు మాకిచ్చారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పడవ ధరలో పదో వంతు ఏటా ఖర్చవుతుందని ఇక్కడ ఒక మోటు లెక్క ఉంది. చవకగా దొరికిన పాత పడవకు ఆ లెక్క చాలదు. రేవు అద్దె, ఒడ్డెక్కించే ఖర్చు, ఇన్సూరెన్సువాళ్ళు అడిగే సర్వే, ఇవన్నీ పడవ పొడవునూ వయసునూ బట్టి ఉంటాయి గానీ మీరు కొన్న ధరను బట్టి కాదు. సొంతంగా పని నేర్చుకున్నవాళ్ళకే పాత పడవ అందుబాటులో ఉంటుంది. నేర్చుకోవడం ఎవరికైనా సాధ్యమే. మా అమ్మాయి ఇంపెల్లర్ మార్చగలదు, డీజిల్ లైన్లో చేరిన గాలి తీయగలదు. నేను జ్వరంతో పడుకున్నా పడవ రేవు చేరుతుందన్న ధైర్యం నాకుంది.

పడవ కొనాలని నన్నడిగే మనవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మెరిసే వార్నిష్షూ సోఫాలూ చూడకముందే నేల తలుపులెత్తమనండి. కిందికి దిగి ఆయిలు ఫిల్టరు, నీళ్ళ పంపు, షాఫ్టు దగ్గరి నార, సముద్రపు నీటిని మూసే ప్రతి సీకాక్ వాల్వు, ఒక్కొక్కటే చేత్తో తాకి చూడండి. అందకపోతే ఆ పడవ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి, ఎందుకంటే మనిషి చేయి అందని వస్తువును ఎవరూ చూడరు, ఎవరూ చూడనిదే చెడుతుంది. అన్నీ అందితే సర్వేయర్‌ను పిలిపించండి, పడవను నీళ్ళలోంచి ఎత్తించి చూడండి, ఆయిలును ల్యాబుకు పంపించండి. వాళ్ళు సరేనంటే కొనుక్కోండి. ఒక శీతాకాలమంతా ఆ ఇంజన్ దగ్గర గడపండి. వేసవికల్లా కెచికాన్‌కు బయల్దేరే అర్హత మీకూ వస్తుంది, మీ పడవకూ వస్తుంది.