కేటీ సెషన్లలో విన్న ఐస్‌హౌస్

కేటీ అంటే ఏంటో మన సాఫ్ట్‌వేర్ జనాలకి చెప్పక్కర్లేదు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఒకాయన పాతికేళ్ళుగా బుర్రలో పెట్టుకున్నదంతా మనం ఆరు వారాల్లో ఎక్సెల్ షీట్లోకి ఎక్కించేసుకుని, సైన్-ఆఫ్ తీసుకుని, ఆయన్ని ఇంటికి పంపించడం. మర్యాదగా చెప్పుకోవాలంటే ఇంకోలా చెప్పొచ్చు గానీ, జరిగేది మాత్రం అదే. 2008లో సిడ్నీలో నేను చేసిన పని ఇదే. నేను తీసేయించిన మనిషే నాకు ఒక బ్యాండుని పరిచయం చేశాడు. ఆ బ్యాండు పేరు ఐస్‌హౌస్.

457 వీసా మీద 2007లో అక్కడికి వెళ్ళాను. (ఆ వీసా 2018లో పోయింది లెండి, ఇప్పుడు వేరే నంబర్లు.) క్లయింటు ఒక ఆర్థిక సంస్థ. మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ ప్రోగ్రాములు, వాటికి కాపలా ఒక పెద్దాయన. పేరు రాయను, మా టీంలో తెలుగువాళ్ళం చాటుగా "పెద్దాయన" అనేవాళ్ళం, అలాగే కానిద్దాం. మొదటి రోజు కేటీకి వెళ్తే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "విమానంలో కిటికీ సీటు దొరికిందా?" అనడిగాడు. దొరికిందన్నాను. "ఏం చూశావు?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఏమీ చూళ్ళేదు. సింగపూర్ దాటాక ఒక కునుకు తీసి లేస్తే కింద ఎర్రమట్టి. టిఫిను తిన్నాను, ఎర్రమట్టి. సినిమా సగం చూశాను, ఇంకా ఎర్రమట్టే. ఊరు లేదు, చెట్టు లేదు. అదే చెప్పాను. ఆయన నవ్వి, దాని మీద ఒక పాట ఉంది విను అని హెడ్‌ఫోన్స్ నా చేతిలో పెట్టాడు. అలా విన్నదే "గ్రేట్ సదర్న్ లాండ్". మొదట్లో ఒకటే స్వరం, కదలకుండా, చాలాసేపు. సినిమా పాటకి అలవాటు పడిన నా చెవికి పాట ఇంకా మొదలవలేదేమో, సీడీ పాడైందేమో అనిపించింది. ఐవా డేవీస్ ఆ పాట రాయడానికి కారణం కూడా అచ్చం అదేనట. బ్యాండు మొదటిసారి విదేశాలకి బయల్దేరినప్పుడు కిటికీలోంచి చూస్తూ నిద్రపోయి, లేచి చూస్తే ఇంకా తన దేశమే కిందుందట! పైగా పరాయి దేశాల్లో నెలల తరబడి తిరిగేసరికి ఇంటి మీద బెంగ. ఆ బెంగ మన వాళ్ళకి నేను వివరించాలా?

సరే, కథ మొదటి నుంచీ చెప్తాను. ఈ డేవీస్ అసలు రాక్ మనిషి కాదు, ఓబో వాయించేవాడు. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం అనుకోండి, రెండు రెల్లు పీలికలు కలిపి ఊదే వాయిద్యం. సిడ్నీ కన్సర్వేటోరియంలో శాస్త్రీయంగా నేర్చుకున్నాడు. తర్వాత ఒక స్క్వాష్ కోర్టులో పార్ట్ టైం క్లీనరుగా చేరితే, ఆ కోర్టు నడిపే ఆవిడ కొడుకు కీత్ వెల్ష్ బేస్ గిటారు వాయించేవాడు. ఇద్దరూ కలిసి 1977లో "ఫ్లవర్స్" అని బ్యాండు పెట్టారు. అప్పట్లో అక్కడ బ్యాండు అంటే పబ్బుల్లో వాయించడమే. బీరు తాగుతూ అరిచే జనం ముందు డేవిడ్ బౌయీ, రాక్సీ మ్యూజిక్, టీ రెక్స్ పాటలు వాయించేవాళ్ళు. పెద్దాయన అలా ఒకటి రెండుసార్లు చూశాడట. "గొంతు బౌయీది, బట్టలు మాత్రం వాళ్ళవే" అనేవాడు.

1980లో మొదటి ఆల్బం వచ్చింది. బ్యాండు పేరు ఫ్లవర్స్, ఆల్బం పేరు ఐస్‌హౌస్. ఆస్ట్రేలియాలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. బయటి దేశాల్లో అమ్ముదామనుకునేసరికి స్కాట్లండులో అదే పేరుతో ఇంకో బ్యాండు ఉందని తేలింది. మన భాషలో నేమ్‌స్పేస్ కొలిజన్ :) 1981లో తమ ఆల్బం పేరునే బ్యాండు పేరుగా మార్చుకున్నారు. ఇంకో పేరు వెతుక్కునే ఓపిక లేదో ఏమో గానీ, ఆ పేరే ఆ సంగీతానికి బాగా అతికింది. చల్లగా, ఖాళీగా, పక్క గదిలో ఎవరో ఉన్నట్టు ఉంటుంది ఆ చప్పుడు.

నాకు బాగా ఆసక్తి కలిగింది ఇక్కడి నుంచి. రెండో ఆల్బం "ప్రిమిటివ్ మ్యాన్" 1982. పైకి బ్యాండు ఆల్బమే. లోపల చూస్తే చాలావరకు డేవీస్ ఒక్కడే. ప్రాఫెట్-5 అనే సింథసైజరు, లిన్ వాళ్ళ డ్రమ్ మెషిన్, ఆయన. రోజర్ లిన్ అనే అమెరికన్ 1980లో తెచ్చిన ఆ మెషిన్ ప్రత్యేకత ఏంటంటే, నిజమైన డ్రమ్ముల శబ్దాన్నే రికార్డు చేసి చిప్పుల్లో పెట్టాడు. ఒకసారి ప్రోగ్రాం చేస్తే చాలు. అలసిపోదు, ఆలస్యంగా రాదు, జీతం అడగదు. "హే లిటిల్ గర్ల్" పాటలో వినండి, ఆ తాళం ఎక్కడా ఒక వెంట్రుకవాసి కూడా జరగదు. ఆ పాట బ్రిటన్‌లో 17వ స్థానానికీ, జర్మనీలో ఇంకా పైకీ వెళ్ళింది. ఆ తర్వాత 1983లో యూరప్‌లో బౌయీ కచేరీలకి ముందు వాయించే అవకాశం వచ్చింది. ఎవరి పాటలు పబ్బుల్లో వాయించి బతికారో ఆయన ముందే!

కానీ టూరుకి వెళ్ళాలంటే మళ్ళీ మనుషులు కావాలి కదా. డ్రమ్మరు జాన్ లాయిడ్ ఉన్నాడు, మిగతావాళ్ళు చాలావరకు కొత్తవాళ్ళు. అందులో గై ప్రాట్ అనే ఇంగ్లీషు కుర్రాడు తర్వాత పింక్ ఫ్లాయిడ్‌తో బేస్ వాయించాడు. కీబోర్డు ఆండీ క్వాంటా. జాన్ ఫార్నమ్ పాడిన "యూ ఆర్ ది వాయిస్" రాసినవాళ్ళలో ఈయనా ఒకడు. అదేమో ఆస్ట్రేలియాలో ఏ పెళ్ళికి వెళ్ళినా వినపడే పాట. ఇలా వచ్చేవాళ్ళు వస్తూ, పోయేవాళ్ళు పోతూ ఉంటే బోర్డు మీద పేరు మాత్రం ఐస్‌హౌస్. మన ప్రాజెక్టుల్లో కూడా అంతేగా. మొదలెట్టినవాళ్ళు ఒక్కరూ ఉండరు, ప్రాజెక్టు కోడు మాత్రం అదే.

తర్వాత మెషిన్ ఇంకా పెద్దది: ఫెయిర్‌లైట్ సీఎంఐ. ఇది సిడ్నీ సరుకే. పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు చేసి 1979లో బయటికి తెచ్చారు, సిడ్నీ హార్బరులో తిరిగే ఒక పడవ పేరు పెట్టారు. రెండు మోటరోలా 6800 ప్రాసెసర్లు, ఎనిమిది అంగుళాల ఫ్లాపీలు, ఆకుపచ్చ అక్షరాల తెర. ఆ తెర మీద లైట్ పెన్నుతో శబ్దతరంగాన్ని చేత్తో గీయొచ్చు! కుక్క అరుపు రికార్డు చేసి దాన్ని కీబోర్డు మీద సరిగమలుగా వాయించొచ్చు. ఒకేసారి ఎనిమిది స్వరాలు, శాంపిల్ నాణ్యత ఎనిమిది బిట్లే. ఇవాళ మన ఫోనులో రింగ్‌టోనుకి కూడా ఎవరూ ఒప్పుకోరు. కానీ కేట్ బుష్, పీటర్ గాబ్రియెల్, స్టీవీ వండర్ దాని వెంట పడ్డారు. 1985లో సిడ్నీ డాన్స్ కంపెనీ వాళ్ళ "బాక్సెస్" బాలేకి డేవీస్, గిటారిస్టు బాబ్ క్రెచ్‌మర్ కలిసి సంగీతం చేశారు. కేటీలో ఒక పూట మొత్తం ఈ ఫెయిర్‌లైట్ మీదే గడిచింది. మేనేజరుకి పంపిన మినిట్స్‌లో "బ్యాచ్ షెడ్యూలింగ్ వివరంగా చర్చించబడింది" అని రాశాను. దేవుడు క్షమించుగాక.

1987లో "మ్యాన్ ఆఫ్ కలర్స్". అదీ శిఖరం. ఆస్ట్రేలియాలో 11 వారాలు మొదటి స్థానం, ఏడు లక్షలకి పైగా అమ్మకాలు. దేశజనాభా అప్పటికి కోటీ అరవై లక్షల చిల్లర అని గుర్తుపెట్టుకుంటే అదెంతో అర్థమవుతుంది. హాల్ అండ్ ఓట్స్‌లోని జాన్ ఓట్స్‌తో కలిసి రాసిన "ఎలక్ట్రిక్ బ్లూ" అక్కడ నంబర్ వన్, 1988లో అమెరికాలో ఏడో స్థానం. నాకు మటుకు ఆ ఆల్బం కన్నా "ప్రిమిటివ్ మ్యాన్" ఇష్టం. ఇందులో అంతా మరీ నిగనిగలాడుతూ ఉంటుంది, పెళ్ళివారి స్టీలు సామాను లాగ. పెద్దాయన ఒప్పుకునేవాడు కాదు. "ఏడు లక్షల మంది తప్పా?" అనేవాడు. తప్పే అనేవాణ్ణి.

ఆ తర్వాత 1990లో ఒకటి, 1993లో ఒకటి ఆల్బమ్స్ వచ్చాయి, జనం అంత పట్టించుకోలేదు. 1999 డిసెంబరు 31 రాత్రి సిడ్నీ ఒపెరా హౌస్ దగ్గర, గ్రేట్ సదర్న్ లాండ్‌నే ఇరవై అయిదు నిమిషాల పెద్ద కచేరీగా పెంచి వాయించాడు. అది విని దర్శకుడు పీటర్ వియర్ తన "మాస్టర్ అండ్ కమాండర్" (2003) సినిమాకి సంగీతం చేసిన ముగ్గురిలో ఒకడిగా తీసుకున్నాడు. ఓబోతో మొదలైనవాడు ముప్ఫై ఏళ్ళకి మళ్ళీ ఆర్కెస్ట్రా దగ్గరికి చేరాడన్నమాట. 2006లో ఏరియా హాల్ ఆఫ్ ఫేమ్. మేం ఈ కబుర్లు చెప్పుకునేటప్పటికి బ్యాండు దాదాపు నిద్రలోనే ఉంది.

డిసెంబరు 2008లో పెద్దాయన ఆఖరి రోజు. కేక్ కోశారు. పోయేముందు నాకొక నోటుబుక్కు ఇచ్చాడు. ఏ రాష్ట్రంలో ఏ సెలవు వస్తే ఏ బ్యాచ్ జాబు చస్తుందో చేత్తో రాసిన పట్టిక. అది కేటీ స్కోపులో లేదు, ఎవరూ అడగలేదు. ఆగస్టులో న్యూ సౌత్ వేల్స్‌లో బ్యాంకుల సెలవు ఒకటుంటుంది, దాని మీద రెండు పేజీలు రాశాడు! నేను థాంక్స్ చెప్పాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలీలేదు.

మూడు నెలలు తిరక్కుండా నా వంతు వచ్చింది. 2009 మార్చి 3, మంగళవారం. ఆర్థిక మాంద్యం, బెంచి, ఆ మాటలన్నీ మీకు తెలిసినవే. 457 మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే అప్పట్లో 28 రోజులు. ఈలోపు ఇంకో స్పాన్సరు దొరకాలి, లేదా పెట్టె సర్దాలి. మా ఆవిడకి అయిదో నెల. "ఏమండీ, అమ్మావాళ్ళకి చెప్పెయ్యనా?" అని రోజూ అడిగేది. వద్దు, ఇంకొక్క వారం అనేవాణ్ణి.

పదో రోజున పెద్దాయన ఫోన్. ఎవరో చెప్పారట. ఉద్యోగం సంగతి మాట్లాడతాడేమో అనుకుంటే, శనివారం ఖాళీయేనా, ఒక టికెట్టు ఎక్కువుంది అన్నాడు. ఆ ఫిబ్రవరిలో విక్టోరియా కార్చిచ్చులో 173 మంది పోయారు. వాళ్ళ కోసమూ, క్వీన్స్‌లాండ్ వరద బాధితుల కోసమూ మార్చి 14న మెల్‌బోర్న్‌లోనూ సిడ్నీలోనూ ఒకే రోజు పెద్ద కచేరీలు పెట్టారు. సిడ్నీ క్రికెట్ గ్రౌండులో కోల్డ్‌ప్లే ఉంది, టేలర్ స్విఫ్ట్ ఉంది (అప్పటికి ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు), అన్నేళ్ళ తర్వాత ఐస్‌హౌస్ కూడా ఉంది.

28లో 11 అయిపోయాయి. నేను గడ్డి మీద నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. ఆ కదలని స్వరం మొదలయ్యేసరికి గ్రౌండంతా లేచింది. నా పక్కన టాటూలున్న ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకైతే కింద ఎర్రమట్టి కనపడింది, ఈసారి విమానం అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు.

పాట అయ్యాక అడిగేశాను, నా మీద కోపం లేదా అని. ఆయన కాసేపు ఆలోచించాడు. "ఉండేది. నవంబరు దాకా," అన్నాడు. నవంబరులో ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నోటుబుక్కు ఆగస్టు పేజీల సిరా మాత్రం మిగతా పేజీల కన్నా కొత్తగా ఉందని ఆ రాత్రి ఇంటికెళ్ళి చూశాను.

సోమవారం ఆయన పాత స్నేహితుడు ఒకాయన ఫోన్ చేశాడు, గిడ్డంగుల సాఫ్ట్‌వేరు. ఇరవై నాలుగో రోజున ఆఫర్ లెటర్ వచ్చింది. మా అమ్మాయి వెస్ట్‌మీడ్‌లోనే పుట్టింది. గ్రేట్ సదర్న్ లాండ్‌ని 2014లో వాళ్ళ జాతీయ శబ్దాల భాండాగారంలో చేర్చుకున్నారని నాకు మెయిల్ పంపింది కూడా పెద్దాయనే. సబ్జెక్ట్ లైనులో "సైన్-ఆఫ్" అని పెట్టాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గిడ్డంగుల సిస్టమ్ నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. దాన్నీ ఈ ఏడాది మారుస్తున్నారు. సగం పని ఒక ఏఐ టూలు చేస్తుందట, మిగతా సగానికి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, నిజామాబాద్ వాడు. సోమవారం పది గంటలకి నేను కేటీ మొదలెట్టాలి. "అన్నా, రికార్డ్ చేసుకోవచ్చా?" అని చాట్‌లో అడిగాడు. చేసుకోమన్నాను. వచ్చేటప్పుడు విమానంలో కిటికీ సీటు దొరికిందా అని ఇంకా అడగలేదు.